పదకొండు కిలోల ఖాళీ

తనకు బిడ్డ ఉందన్న సంగతి ఎక్కడ బయటపడుతుందోనని రవళి అన్నిటికన్నా ఎక్కువగా భయపడుతుంది. బిడ్డకు జ్వరం వస్తుందేమో, గడప తట్టుకుని పడుతుందేమో అనే భయాలూ ఉన్నాయి గానీ, అవి దీని వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చుంటాయి.

ఆ భయానికి తూకం కూడా ఉంది. శంషాబాద్ విమానాశ్రయంలో పెట్టె బరువు సరిగ్గా సరిపోతుంది, మనిషి బరువే పదకొండు కిలోలు ఎక్కువ చూపిస్తుంది. కౌంటర్ వెనక అమ్మాయి మర్యాదగా ముందుకు వంగి చూస్తుంది.

"మేడం, మీ నడుం ఎడమ పక్కన ఏదో ఉంది. చేతి సామానులో రాయమంటారా?"

"ఏం లేదు. అలవాటు, అంతే."

"అలవాటుకు టికెట్ అక్కర్లేదు" అని ఆ అమ్మాయి బోర్డింగ్ పాస్ చేతికిస్తుంది.

కూతురు జున్ను బరువు పదకొండు కిలోలు. రెండేళ్ళు నిండి మూడు నెలలు. ఆ మధ్యాహ్నం మెట్‌పల్లిలో జున్ను నిద్రలో ఉండగా రవళి చెప్పులు చేత్తో పట్టుకుని, గొళ్ళెం చప్పుడు కాకుండా తీసి బయటపడింది. లేపి చెబితే కొంగు వదలదని అత్త అంది. నిజమే. కానీ లేపకపోవడానికి అదొక్కటే కారణం కాదని రవళికి తెలుసు.

ఇంటర్ రెండో ఏడు సగంలో ఆమె చదువు ఆగిపోయింది. పెళ్ళయింది. జున్నును కాళ్ళ మీద వేసుకుని ఊపుతూ, మోకాళ్ళకు పుస్తకం ఆనించుకుని చదివి, ఆగిపోయిన పరీక్షలు ప్రైవేటుగా రాసింది. ఆ తర్వాత ప్రవేశ పరీక్షా గట్టెక్కింది. చైనాలో వైద్యం సీటు వచ్చింది. భర్త రాజేందర్ తన జిరాక్స్ షాపులోనే కాగితాలన్నీ రెండేసి కాపీలు తీసి, పిన్ను కొట్టి ఇచ్చాడు. దరఖాస్తు ఫారంలో పిల్లలు అన్న గడి మీద మాత్రం అతని చూపు పడలేదు. ఆ ఫారాన్ని రవళి కరీంనగర్‌లో కన్సల్టెన్సీ వాళ్ళ దగ్గర కూర్చుని రాసింది.

"ఉన్నది ఉన్నట్టు రాయమ్మా, పెళ్ళయినోళ్ళు గూడ పోతున్నరు" అన్నాడు అక్కడి సారు. అబద్ధం రాయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

రవళి ఆ గడిలో 'లేరు' అని రాసింది.

దిష్టి కోసం అని తనకు తాను చెప్పుకుంది. అత్త రోజూ సాయంత్రం జున్ను చెంప మీద కాటుక చుక్క పెడుతుంది. మనవరాలు బొద్దుగా ఉందని ఎవరన్నా అంటే, ఎక్కడమ్మా, రెండు ముద్దలు కూడా తినదు అని అప్పటికప్పుడు చిక్కిపోయేలా చెబుతుంది. ఈ కాగితం ఎందరి కళ్ళ ముందు తిరుగుతుందో, ఎన్ని దేశాలు దాటుతుందో. చుక్క పెట్టినట్టే ఒక 'లేరు' పెట్టాను అనుకుంది. అనుకుంటే నమ్మకం కుదిరింది.

విమానం దిగాక రవళి ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. ఎడమ తుంటి పైకి లేచి పీటలాగా నిలిచిపోతుంది. ఎడమ చెయ్యి దేన్నో చుట్టి పట్టుకున్నట్టు వంగే ఉంటుంది. తెరిస్తే తెరుచుకుంటుంది గానీ, చూపు తిప్పగానే మళ్ళీ వంగుతుంది.

హాస్టల్ నాలుగో అంతస్తులో గది. గదిలో ఆమెతో పాటు హిమజ ఉంటుంది. తెనాలి పిల్ల, పద్దెనిమిదేళ్ళు, వచ్చిన గంటలోనే అక్కా అని వరస కలుపుకుంది. అక్కడ పొద్దున్నే అందరూ కింద నీళ్ళ గదికి వెళ్ళి ఫ్లాస్కుల్లో మరిగిన నీళ్ళు పట్టుకొస్తారు. రవళి తన ఫ్లాస్కును తుంటి మీద ఎత్తుకుని తెస్తుంది. ఆమె మోసిన ఫ్లాస్కులో నీళ్ళు దారిలోనే నిద్రపోతాయి. ఎంత వంచినా గ్లాసులోకి రావు. హిమజ ఫ్లాస్కు వీపు తట్టి, నీళ్ళను లేపి, టీ పెట్టుకుంటుంది.

"ఏంటక్కా, దాన్ని చంకనేసుకుని జోకొడుతున్నారు? పాలు కూడా పట్టిస్తారా?"

చిన్నప్పట్నుంచీ బిందెలు మోసిన అలవాటని రవళి చెబుతుంది. వాళ్ళింట్లో బిందె మోయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, నల్లా పెరట్లోనే ఉంది.

మంగళవారం కొత్త విద్యార్థులందరికీ వైద్య పరీక్ష. రక్తం తీస్తారు, కళ్ళు చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు. తెల్ల కోటు పెద్దాయన రవళి ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటాడు. పక్కటెముకల కింద, ఎడమ తుంటి మీద, ఒక పిల్ల కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటుంది. రెండు పిలకలు కూడా స్పష్టంగా పడ్డాయి. ఆయన ఏ భాషలో మాట్లాడుతున్నాడో తెలియదు. సిగ్గుపడాల్సిన సంగతి కాబట్టి రవళికి ప్రతి మాటా అర్థమవుతుంది.

ఫారం లేరంటోంది, ఫిల్ము ఉందంటోంది, ఈ రెండింటినీ ఒకే ఫైల్లో పెడితే అవి సర్దుకోవు అని ఆయన వివరిస్తాడు. శుక్రవారం లోపల రెండింటిలో ఒకదాన్ని సరిచేయించుకోవాలి. ఫారాన్ని అందరి ముందూ సరిచేస్తారు. ఒంటినైతే తలుపు వేసి సరిచేస్తారు, రెండు నిమిషాలు, నొప్పి ఉండదు.

"ఒంటిని సరిచేస్తే ఏమయితది?" అని రవళి అడుగుతుంది.

"నిటారుగా నడుస్తారు."

ఆ మాట ఆమెకు నచ్చుతుంది. నచ్చినందుకు తల వంచుకుని గదికి వస్తుంది.

ఆ సాయంత్రం ఇంటికి ఫోను చేస్తే అత్త ఎత్తుతుంది. జున్ను బాగానే ఉందని, ఆడుకుంటోందని చెబుతుంది. కాకపోతే అంగన్‌వాడీలో ఈ రోజు గుడ్డు ఇవ్వలేదట. రిజిస్టరులో జున్ను పేరు రాసిన చోట తెల్లగా ఉందట. టీచరమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, ఈ పిల్ల ఎవరి పిల్ల అని అడిగిందట.

"నువ్వేమన్నవు అత్తమ్మా?"

"నా మనవరాలన్న. అనంగనే నాకే అనుమానమొచ్చినట్టయింది బిడ్డా. గట్లెందుకయిందో ఏమో."

బుధవారం ఫోనులో అత్త గొంతు తేలిగ్గా ఉంటుంది, పని తగ్గినదాని గొంతులాగా. పక్కింటి భాగ్యమ్మ వచ్చి, మీ కోడలికి పిల్లలెప్పుడు అని అడిగిందనీ, చదువు కానియ్యి చూద్దామని తను జవాబిచ్చిందనీ చెబుతుంది. అంతసేపూ వెనక ఎక్కడో గజ్జెల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అదేంటని రవళి అడిగితే, వీధిలో మేకల మంద పోతోందేమో అంటుంది.

గురువారం రవళి రాజేందర్‌కు వీడియో కాల్ చేస్తుంది. జున్నును చూపించమంటుంది. అతను ఫోను తిప్పి ఇల్లంతా చూపిస్తాడు. చాప, చాప మీద చిన్న పళ్ళెం, పళ్ళెంలో పెరుగన్నం. ఒక ముద్ద గాల్లోకి లేచి, ఆగి, మాయమవుతుంది. రెండో ముద్ద లేస్తుంది. రాజేందర్ దాన్ని దాటుకుని కిటికీ దగ్గరికి వెళ్తాడు.

"ఎవర్ని చూపియ్యాలె?" అంటాడు.

అతను పరాచికం ఆడటం లేదు. పెళ్ళిచూపుల నాడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది అతని ముఖం, ఆ తర్వాత ఏమీ జరగనట్టు. పేరు చెబితే చాలు. ఒక్క పేరు గట్టిగా చెబితే అతని కళ్ళు తిరిగి వెతుక్కుంటాయని రవళికి తెలుస్తూనే ఉంది. కానీ ఎదురు మంచం మీద హిమజ కమలాపండు ఒలుచుకుంటూ ఇటే చూస్తోంది.

"ఏం లేదు, మళ్ళ మాట్లాడత" అని రవళి ఫోను పెట్టేస్తుంది.

ఎవరక్కా అది, ఎవర్ని చూపించమంటున్నారు అని హిమజ అడుగుతుంది. మా అక్క కూతుర్ని అంటుంది రవళి. ఆమెకు అక్క లేదు. హిమజ తొనలు నాలుగు చేతిలో పెడితే తింటుంది కూడా. తియ్యగా ఉన్నాయి. అదే ఆమెకు అన్నిటికన్నా సిగ్గుగా ఉంటుంది.

శుక్రవారం ఆఫీసు ముందు రెండు వరసలు ఉంటాయి. ఒంటిని సరిచేసే వరస పొడుగ్గా ఉంది, చురుగ్గా కదులుతోంది. రవళి అందులోనే నిలబడుతుంది. ఈ సంగతి దాచకుండా చెప్పాలి, ముందు అందులోనే నిలబడింది. అన్ని దేశాల ఆడవాళ్ళూ ఉన్నారు, అందరికీ ఎడమ తుంటి పైకి లేచే ఉంది. లోపలికి ఒరిగి వెళ్తారు, బయటికి స్కేలు పెట్టి గీసినట్టు వస్తారు. ఏ పని మీద వచ్చారో మరిచిపోయి, టిఫిను ఎక్కడ దొరుకుతుందని అడుగుతూ పోతారు.

ఆమె ముందున్న ఆవిడ లోపలికి వెళ్ళి రెండు నిమిషాల్లో తిరిగొస్తుంది. నడకలో ఏ లోపమూ లేదు. రవళి పక్కన ఆగి, తన నడుం ఎడమవైపు అరచెయ్యి ఆనించి అడుగుతుంది.

"ఇక్కడ మాత్రం చల్లగా ఉంది. మీకూ ఉందా?"

తనకు లేదంటుంది రవళి. అక్కడ ఇంకా వెచ్చగానే ఉంది, పిల్ల తడిపిన లాగుతో కూర్చున్నంత వెచ్చగా. ఆమె వరస వదిలేస్తుంది.

ఫారాన్ని సరిచేసే వరసలో రవళి ఒక్కతే. ఆ తలుపు పెద్ద హాల్లోకి తెరుచుకుంటుంది. కొత్తగా చేరిన వాళ్ళందరూ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు, హిమజ ముందువైపు కుర్చీలోనే ఉంది. వేదిక మీద ఒక మైకు, మైకు పక్కన బల్ల, బల్ల వెనక కొత్తవాళ్ళ కాగితాలు చూసే లియు మేడం. ఫారానికి చెవులు మందమనీ, అందుకే మైకులో చెప్పాలనీ ఆమె అంటుంది. లేరు అని ఎందుకు రాశారని అడుగుతుంది.

దిష్టి తగలకుండా రాశానని రవళి చెబుతుంది. లియు మేడం ఆ మాట రాసుకోదు. పెన్ను ఎత్తి పట్టుకునే ఉంటుంది.

"ఎవరి దిష్టి?"

రవళి హాలంతా చూస్తుంది. దిష్టి పెట్టే కళ్ళు ఒక్కటీ కనబడవు. ఆవలించే వాళ్ళున్నారు, ఫోను చూసుకునే వాళ్ళున్నారు. కన్నతల్లి కన్నే ముందు తగులుతుందని అత్త అనేది. అది ముద్దుకు అనే మాటేనని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది.

"ఎవరిదీ కాదు" అంటుంది. మైకు ఆ మాటను హాలు చివరి దాకా తీసుకుపోతుంది. "ఆ రోజు కరీంనగర్ల అందరు చిన్నపిల్లలే ఉండిరి. ఒకామె నన్ను ఆంటీ అన్నది. నాకు సిగ్గయింది. పెన్ను నా చేతులనే ఉండె, ఎవ్వరు పట్టి రాయించలే. బిడ్డ ఉన్నది. జున్ను అంటం. నేను లేదని రాసిన."

హిమజ కూర్చున్న చోటు నుంచే, గొంతు పెంచకుండా అంటుంది.

"చెప్పుంటే మేమూ ఎత్తుకునేవాళ్ళం కదక్కా."

లియు మేడం ఫారం మీద ముద్ర కొట్టి, బయట మైదానంలో చూసుకోండి, వచ్చేసింది అంటుంది. దాచిన రోజులన్నీ వెంటబెట్టుకుని వచ్చింది కాబట్టి కాస్త పెద్దగా కనబడవచ్చు అని కూడా అంటుంది.

మైదానంలో జున్ను నిద్రపోతూ ఉంటుంది. తల బాస్కెట్‌బాల్ స్తంభాల దగ్గర ఉంది, కాళ్ళు క్యాంటీను గోడకు తగులుతున్నాయి. ఊపిరి వదిలినప్పుడల్లా ఆ పక్క చెట్లన్నీ ఒకేసారి వంగి లేస్తాయి. ఆకుపచ్చ మచ్చల బట్టలు వేసుకుని, కాలేజీలో కొత్తగా చేరినవాళ్ళకు తప్పనిసరైన కవాతు చేస్తున్న చైనా పిల్లలు మడమ దాకా వచ్చి, మేష్టారు ఈల వేయగానే, వరస చెదరకుండా చుట్టూ తిరిగి పోతారు. ఎవరూ అడుగులు గట్టిగా వేయరు.

రవళి పరుగెత్తుతుంది. నిటారుగానే పరుగెత్తుతోందని సగం దూరం వెళ్ళాక తెలుస్తుంది. నడుం మీద ఏమీ లేదు. గౌను కుచ్చులు పట్టుకుని ఎక్కడం మొదలుపెడుతుంది, చెవి దాకా వెళ్ళి, వచ్చేశానమ్మా అని చెప్పాలని. మూడు రోజులకు మోచేతి దగ్గరికి చేరింది. అక్కడి నుంచి ఇంటికి ఫోను చేస్తే మోగుతుంది గానీ ఎవరూ ఎత్తరు. ఒక మనిషి రెండు చోట్ల ఉండటం తమ కాగితాల్లో లేదనీ, ఇక్కడ ఉంది కాబట్టి అక్కడి సంగతి తాము చెప్పలేమనీ లియు మేడం కింది నుంచి చెబుతుంది.

ఉత్తరం గాలి మొదలైంది. హాస్టల్ పిల్లలందరూ మంచాల మీది దుప్పట్లు లాక్కొచ్చి మైదానంలో కూర్చుని ఒకదానికొకటి కుడుతున్నారు. హిమజ సూదిలో దారం ఎక్కిస్తూ దుప్పటి ఎంతవరకు వచ్చిందక్కా అని కేక వేస్తుంటే, రవళి మోచేతి మీది నుంచి వంగి చూసి చెబుతోంది.

ఇది చదివిన మీరెవరైనా మెట్‌పల్లి వైపు వెళ్తే, బస్టాండు వెనక సందులో నీలం గేటు ఇంట్లోకి ఒకసారి తొంగి చూడండి. రెండేళ్ళ పిల్ల ఉందేమో చూడండి. ఎవరూ లేరని ఇంట్లో వాళ్ళు చెబితే నమ్మకండి, చాప మీద చెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా తగిలితే నిద్ర లేపకుండా ఒక దుప్పటి కప్పి రండి. ఇక్కడ ఎన్ని కలిపి కుట్టినా మోకాలు దాటడం లేదు.