లైల్ వెనక కుర్చీ

"ఆ సెనేటర్ ఎలా అడుగుతాడో అలాగే అడగాలి కోరిన్. భార్యలా అడిగితే నాకు పనికిరాదు" అన్నాడు లైల్, నేను వంగి వాళ్ళమ్మ కాలిగోళ్ళు తీస్తుంటే. మా అత్తగారు ఒపల్‌కి కాళ్ళు వేడినీళ్ళలో నానబెట్టకపోతే గోళ్ళు తెగవు. నానబెడితే ఆవిడ ఊరికే కూర్చోదు. ఒక కాలు నా ఒళ్ళో ఉంటే రెండోదాంతో నీళ్ళు నేలంతా చిమ్ముతోంది. లైల్ ఆ తడి తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళి కాఫీ పోసుకున్నాడు. "మధ్యాహ్నం ఆఫీసు వాళ్ళు వస్తారు. పెద్దగా ఏం చెయ్యకు, శాండ్‌విచ్‌లు చాలు" అన్నాడు. పెద్దగా ఏం చెయ్యకు అంటే అందరికీ చెయ్యమని అర్థమని పెళ్ళైన కొత్తలోనే తెలుసుకున్నాను.

అధ్యక్షుడు బడ్జెట్ ఆఫీసు అధిపతిగా లైల్ పేరు పంపాడు. గురువారం సెనేట్ కమిటీ అతన్ని కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తుంది. ఇలాంటివి వచ్చినప్పుడల్లా ముందు ఆదివారం మా ఇంట్లో రిహార్సల్ ఉంటుంది. అతని కింద పనిచేసేవాళ్ళు భోజనాల బల్ల చుట్టూ సెనేటర్లలా కూర్చుని అతన్ని ఉతికి ఆరేస్తారు. అందరికంటే కటువైన సెనేటర్ వేషం ఎప్పుడూ నాదే. నా అంత బాగా ఎవరూ ఇరికించలేరని లైల్ అందరికీ గర్వంగా చెప్తాడు.

ఎందుకు ఇరికించలేను? నేనూ ఆ బడ్జెట్ ఆఫీసులోనే పనిచేశాను. మేం కలిసింది అక్కడే. కాన్సస్ నుంచి వచ్చిన ఓ కాంగ్రెస్ సభ్యుడి వెనక ఫైళ్ళు మోసే రోజుల నుంచీ లైల్‌ది ఒకటే మాట, ప్రభుత్వం ఒళ్ళు తగ్గాలని. ఆ ఒక్క మాట మీదే మెట్టు మెట్టూ ఎక్కాడు. ఏ శాఖకి ఎంత ఇవ్వాలో తేల్చే గదుల్లోకి వెళ్ళాడు. రిటైరయ్యేదాకా ఢోకా లేదనుకున్న ఉద్యోగుల్ని ఒక్క ఉత్తర్వుతో ఇంటికి పంపే దారి కనిపెట్టాడు. చెడ్డవాడు కాదు. నమ్మిందే చేస్తాడు, పరాయి సొమ్ము ముట్టడు. రెండో పిల్ల పుట్టినప్పుడు "ఇద్దరం ఇలా పరిగెడితే ఇల్లేం కావాలి?" అన్నాడు. ఇద్దరం అన్నాడు గానీ ఆగింది నేను. పిల్లలు కాలేజీలకి వెళ్ళాక ఊపిరి పీల్చుకుందాం అనుకునేసరికి ఒపల్‌కి మతిమరుపు మొదలైంది. పెద్ద చర్చ ఏమీ జరగలేదు. ఒకరోజు సూట్‌కేసుతో మా హాల్లో ఉంది.

ఇప్పుడు నా పాత స్నేహితురాలు వాండా నన్ను ఉద్యోగంలోకి పిలిచింది. మా కౌంటీ బడ్జెట్ విభాగం ఆమె చేతిలో ఉంది. వారానికి రెండు రోజులు ఆఫీసుకి వెళ్తే చాలు, మిగతా పని ఇంట్లోంచే. "నీలాంటిది కావాలి నాకు. శుక్రవారంలోపు చెప్పు" అంది. ఆ మాటకి వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. ఎన్నేళ్ళైంది, నాలాంటిది కావాలని ఎవరైనా అని? ఒపల్ మంగళవారం, గురువారం చర్చి కింద ఉన్న వృద్ధుల కేంద్రానికి వెళ్తుంది. పొద్దున వ్యాను వచ్చి తీసుకెళ్తుంది, సాయంత్రం దింపుతుంది. ఆ రెండు రోజులు నావి. ఆ కేంద్రం మీదే నా ఉద్యోగం ఆధారపడి ఉంది. లైల్‌తో చెప్తే "మంచిదే. ఈ విచారణ అయ్యాక మాట్లాడదాం" అన్నాడు. మళ్ళీ చెప్తే ఫోనొచ్చింది. ఆ తర్వాత అతను తెచ్చిన కాగితాల్లో చూశాను, వచ్చే ఏడు ఎత్తేసే పద్దుల్లో వృద్ధుల పగటి కేంద్రాలు కూడా ఉన్నాయి.

"మీ అమ్మ వెళ్ళేది వీటిలో ఒకదానికే" అన్నాను.

"అది చర్చి వాళ్ళది కదా?"

"చర్చిది గది మాత్రమే. జీతాలు, వ్యాను, భోజనం అన్నీ నువ్వు కొట్టేసిన పద్దులోవే. అది మూతపడితే ఆవిణ్ణి ఎవరు చూస్తారు?"

అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. "నువ్వున్నావుగా" అన్నాడు.

అందుకే ఆ ఆదివారం బల్ల దగ్గర నేను వేషం వెయ్యలేదు. కళ్ళద్దాలు సర్దుకుని, గొంతు పెంచకుండా, లైల్‌ని ఇంటిపేరుతో పిలిచి, "హార్‌గ్రోవ్ గారూ, పగటి కేంద్రాలు అక్కర్లేదంటున్నారు. మరి మీ అమ్మగారిని పొద్దుటి నుంచి రాత్రిదాకా ఎవరు చూసుకుంటున్నారు?" అని అడిగాను. కుటుంబం జోలికి వెళ్ళడం అక్కడ మర్యాద కాదు. అందరూ నోట్లో శాండ్‌విచ్ పెట్టుకుని అలాగే ఉండిపోయారు. లైల్ నన్ను చూశాడు. ఒక్క క్షణం, నేను అడుగుతున్నది నా భర్తనని అతనికి అర్థమైందనే అనుకున్నాను.

"సర్, ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు" అంది బెథనీ. అతని మాటలకి మెరుగులు దిద్దేది ఆ అమ్మాయే. "ఉన్నదున్నట్టు చెప్పండి. నా భార్య అని చెప్పండి."

లైల్ గొంతు సవరించుకున్నాడు. "నా భార్య, సెనేటర్. ప్రభుత్వాన్ని ఆమె ఎప్పుడూ ఏమీ అడగలేదు. ప్రేమతో చేస్తుంది."

"అద్భుతం. 'ప్రేమతో' దగ్గర ఒక్కసారి వెనక్కి తిరగండి. మేడమ్ సరిగ్గా మీ వెనక కుర్చీలో ఉంటారు, కెమెరాలో పడతారు." నా వైపు తిరిగి, "మీరు తల ఊపకండి మేడమ్. కొంచెం చిరునవ్వు, అంతే" అంది. ఎదుటిపక్షం వాళ్ళు ఈ ప్రశ్న వెయ్యరు కాబట్టి మన పక్షం సెనేటర్ ఒకాయనకి దాన్ని అందించాలని అక్కడికక్కడే తేల్చేశారు. లైల్ లేచి వచ్చి నా నెత్తి మీద ముద్దు పెట్టుకున్నాడు. "నీ బుర్రే బుర్ర" అన్నాడు. నేను ఖాళీ పళ్ళేలు తీసుకుని లోపలికి వెళ్ళాను. అప్పుడే బల్ల మీద పళ్ళేలు పగలగొట్టాల్సింది. అవి ఎత్తాల్సింది మళ్ళీ నేనే కదా అనిపించింది.

గురువారం అనుకున్నట్టే జరిగింది. మన పక్షం సెనేటర్ నా ప్రశ్నని కాగితం చూసి చదివాడు. లైల్ 'ప్రేమతో' దగ్గర వెనక్కి తిరిగాడు. కెమెరాలన్నీ నా మీదకి వచ్చాయి. నేను నవ్వాను. చెప్పారని కాదు, ఏళ్ళ అలవాటు, మొహం దానంతటదే నవ్వేసింది. ఎదుటిపక్షం సెనేటర్ ఒకావిడ కూడా మైకు దగ్గరికి వంగి "మీలాంటివాళ్ళకి దేశం రుణపడి ఉంది" అంది. తర్వాత అందరూ లైల్‌ని భోజనానికి తీసుకెళ్ళారు. నేను వ్యాను వచ్చే వేళకి ఇంట్లో ఉండాలి కాబట్టి పార్కింగ్‌కి నడిచాను. ఇంక ఎవర్నీ అడిగేది లేదనుకున్నాను. కేంద్రం మూతపడేదాకా వాండా దగ్గర పనిచేస్తాను, ఆ తర్వాత సంగతి లైలే చూసుకుంటాడు. కారులో కూర్చుని వాండాకి ఫోన్ చేశాను.

"టీవీలో చూశానే నిన్ను. ఎంత ప్రశాంతంగా ఉన్నావో! నిన్ను ఇరకాటంలో పెట్టకూడదని ఇందాకే ఇంకో అమ్మాయికి చెప్పేశాను" అంది.

"రేపటిదాకా టైమిచ్చావుగా వాండా. నేను రావాలనుకున్నాను."

ఆమె మెల్లగా అంది, "అంతమంది ముందు అతను చెప్తున్నాడు. వెనక నువ్వు నవ్వుతున్నావు. ఇంక నేనేమనుకోవాలి కోరిన్?"

తప్పు ఆమెది కాదు. నన్ను నేను టీవీలో చూసుకున్నా అలాగే అనుకునేదాన్ని. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. వ్యాను వచ్చేస్తుందని గుర్తొచ్చి ఏడుపు ఆపి బండి తీశాను.

సాయంత్రం లైల్ పెందలాడే వచ్చాడు. గండం గడిచిందని, ఓట్లు సరిపోతాయని చెప్పాడు. మాంసం కూర బాగా కుదిరిందన్నాడు. వాండా ఉద్యోగం వేరేవాళ్ళకి ఇచ్చేసిందని చెప్పాను. "పోనీలే, ఒకందుకు మంచిదే. తేలిపోయింది" అని రొట్టె అందుకున్నాడు. నాకు కోపం కూడా రాలేదు. లోపల ఏదీ మిగలనట్టుంది. ఒపల్ పళ్ళెంలోకి మాంసం చిన్న ముక్కలు కోస్తూ కూర్చున్నాను. ఆవిడ మాత్రం కొడుకుని అదేపనిగా చూస్తోంది. కేంద్రంలో పొద్దున అందరికీ టీవీ పెట్టి చూపించారట.

"నన్ను చూసుకునేది నీ పెళ్ళాం అన్నావేంట్రా?" అంది.

"అవునమ్మా."

"అంత అబద్ధం చెప్పడానికి నోరెలా వచ్చింది? ఎన్నాళ్ళైంది ఆవిడ నా మొహం చూసి! పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ చాకిరీ అంతా ఈ అమ్మాయిది. దీని పేరు కూడా ఎత్తలేదు నువ్వు."

లైల్ నవ్వాడు. "సరిగ్గా చూడమ్మా, ఈమే కోరిన్."

"కోరిన్ నాకు తెలీదా ఏంటి? తెల్లారేసరికి ఎత్తు చెప్పులేసుకుని టకటకా ఆఫీసుకి వెళ్ళిపోయేది. నీకంటే తెలివైంది. ఎక్కడుంది అది?"

లైల్ ఇంకా నవ్వుతూనే, నువ్వైనా చెప్పు అన్నట్టు నా వైపు చూశాడు. నేను కత్తి పక్కన పెట్టాను.

"కోరిన్ ఇంక రాదండీ" అన్నాను.