కాచి చల్లార్చిన నీళ్లు

మా వైపు మనిషి "అలాగేనండీ" అన్నాడంటే ఆ పని చెయ్యడని అర్థం. ఆ సంగతి తెలియని హెల్తు ఇన్‌స్పెక్టరు సత్యానందం ఏలూరు నుంచి పడవలో వచ్చి, కలిదిండి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, కలరా గురించి గొంతు పోయేలా చెప్పాడు. నీళ్లు కాచి చల్లార్చి తాగమన్నాడు. జబ్బున్న ఇంట్లో ఏమీ పుచ్చుకోవద్దన్నాడు. వాంతులు పట్టుకుంటే దాచొద్దన్నాడు. ఊరు ఊరంతా తల ఊపి అలాగేనండీ అంది. అతను సంతోషించి వెళ్లిపోయాడు.

అది యాభై మూడులో గోదావరి వరద వచ్చి తీసిన రోజులు. కొల్లేరు ఇంకా చేల మీదే ఉంది. లంకల్లో రోజుకొకరు పోతున్నారని కబుర్లు వస్తున్నాయి. ఎవరికి వారు అది తమ ఊరికి రాదనే అనుకున్నారు.

ఇన్‌స్పెక్టరు మాట చెవికెక్కించుకున్నది వెంకటనరసమ్మగారు ఒక్కరే. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని జనం నవ్వుకున్నారు. వాళ్ల నవ్వుకేం? ఆవిడ చెల్లెలు కాపరానికి వెళ్లిన ఏడాదికే ఈ జబ్బు వచ్చి, పొద్దున్న పడి పొద్దుగూకేసరికి పోయింది. ఇప్పుడు ఇంట్లో మూడేళ్ల మనవరాలు బుల్లెమ్మ ఉంది. ఆవిడ పంచప్రాణాలూ ఆ పిల్ల మీదే. కోడలు రాజ్యాన్ని పిలిచి, కళపెళా కాగిన నీళ్లు తప్ప ఈ ఇంట్లో ఎవరి గొంతులోకీ చుక్క దిగడానికి వీల్లేదన్నారు. పాలేరు పచ్చినీళ్లు తాగుతూ కనబడితే చెంబు లాగి పారబోసి, ఆ పూట అన్నం పెట్టలేదు. ఆవిడ మాటకి ఇంట్లో ఎదురు లేదు. ఆవిడ నోటికి ఊళ్లోనే లేదు.

ఇలా ఉండగా వియ్యంకుడు అబ్బాయిరాజుగారి తల్లికి జ్వరమని కబురొచ్చింది. కూతురు కామేశ్వరిని ఇచ్చిన ఇల్లు. వెళ్లి పలకరించకపోతే రేపు పిల్ల మాట పడాలి. నిలువుకాళ్ల మీద చూసి వచ్చేస్తానని, అక్కడ మంచినీళ్లు కూడా ముట్టనని చెప్పి, మరచెంబు నిండా కాచిన నీళ్లు పోయించుకుని, పొద్దున్నే గూడుబండి కట్టించుకుని బయల్దేరారు.

వియ్యాలవారి పెరట్లో దుప్పట్లూ పాతచీరలూ వరసగా ఆరేసి ఉన్నాయి. ఒక్క జ్వరానికి అన్ని బట్టలు తడవవు. పెద్దావిడ గది తలుపు వేసి ఉంది, గుమ్మం దగ్గర బూడిద చల్లి ఉంది. ఇప్పుడే కునుకు పట్టింది, లేపొద్దన్నారు. ఇది ఒట్టి జ్వరం కాదని వెంకటనరసమ్మగారికి అనుమానం తగిలింది. లేద్దామనుకునేలోగా వియ్యపురాలు వెండిగ్లాసుతో మజ్జిగ పట్టుకొచ్చింది. వస్తూనే పక్కనున్న మరచెంబు చూసింది.

"ఏవండీ వదినగారూ, మా ఇంట్లో మంచినీళ్లు కూడా ఉండవనుకున్నారా అండీ?" అంది, నవ్వుతూనే.

వెనకాల కామేశ్వరి నిలబడి ఉంది. తల్లికేసి చూసి చప్పున కళ్లు దించేసుకుంది. వద్దండీ అనడానికి ఎంతసేపు? పాలేరు చేతిలో చెంబు లాక్కున్న మనిషే ఈవిడ. కానీ మొహమాటం కలరా కంటే బలమైంది. కలరా వస్తుందో రాదో తెలియదు. మాట మాత్రం వచ్చి తీరుతుంది, అదీ కూతురి మీదికి. గ్లాసు అందుకుని సగం తాగారు. చాలా బాగుందండీ అని కూడా అన్నారు.

కామేశ్వరి బండి దాకా వచ్చి, తెర సర్దుతున్నట్టు వంగి అసలు సంగతి చెప్పింది. పెద్దావిడకి నిన్న మధ్యాహ్నం నుంచీ వాంతులూ విరేచనాలూనట. ఇన్‌స్పెక్టరుకి తెలిస్తే ఇల్లంతా బ్లీచింగు పౌడరు చల్లించి పరువు తీస్తాడని, ఎవరితోనూ అనొద్దని మామగారు గట్టిగా చెప్పారట.

"మరి నేను తాగుతుంటే చూస్తూ ఊరుకున్నావేమే?"

"అత్తగారు పక్కనే ఉంటే ఎలా చెప్పనమ్మా?"

నువ్వయినా నీళ్లు కాచుకు తాగవే అని వెంకటనరసమ్మగారు బతిమాలితే, కామేశ్వరి కళ్లొత్తుకుని అలాగేనమ్మా అంది.

దారి పొడుగునా ఆవిడ తనకి తనే సర్దిచెప్పుకున్నారు. సగం గ్లాసుకేమవుతుంది? పుల్లటి మజ్జిగలో పురుగు బతకదేమో. అసలు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఇంటిల్లిపాదికీ నీతులు చెప్పి తను చేసిందిదా అని పాలేరుతో సహా నవ్వుతారు. కానీ బండి దిగగానే బుల్లెమ్మ మెడకి చుట్టుకుంటుంది. ఈ చేత్తోనే దానికి ముద్దలు కలిపి పెట్టాలి. పరువు పోతే పోయిందనుకున్నారు.

ఇంకా పొద్దుండగానే ఇల్లు చేరారు. గుమ్మం ఎక్కకుండా పశువుల చావడి దగ్గరే ఆగి రాజ్యాన్ని కేకేశారు. దగ్గరికి రావద్దని చెయ్యి అడ్డం పెట్టి, మజ్జిగ సంగతి దాచకుండా చెప్పేశారు. నాలుగు రోజులు ఈ చావడిలోనే ఉంటాను, నా కంచం వేరే పెట్టు, పిల్లని ఇటు రానివ్వకు అన్నారు. కోడలి ముందు తప్పు ఒప్పుకోవడం ఆవిడకి జన్మలో అదే మొదటిసారి. ఒప్పుకున్నాక ప్రాణం తేలికపడింది.

రాజ్యం ఉన్నచోటే కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. తన గురించే అనుకుని, నాకేం కాదులే అమ్మాయ్ అని ఓదార్చబోయారావిడ.

"మీ బిందెకి మాత్రమే కాచేదాన్నండీ," అంది రాజ్యం.

వరదకి కట్టెలన్నీ తడిసిపోయాయి. పొయ్యి ఊది ఊది కళ్లు మండిపోయేవి, ఒక్క బిందె కాగడానికే పూట పట్టేది. అత్తగారి బిందె ఒక్కటీ కాచి, మిగిలినవాళ్లందరికీ చెరువునీళ్లు వడగట్టి పోసింది. పొగవాసనని బుల్లెమ్మ కాచిన నీళ్లు ఉమ్మేసేది కూడాను. పది రోజులుగా ఇదే వరస. ఎవరికీ ఏమీ కాకపోయేసరికి రాజ్యానికి ధైర్యం వచ్చింది. ఎండుకట్టెలు ఉన్నాయా అని వెంకటనరసమ్మగారు ఈ పది రోజుల్లో ఒక్కసారి కూడా అడగలేదు.

అప్పుడు చూసుకున్నారావిడ. బండి చప్పుడుకి ఎదురు పరుగెత్తుకొచ్చే పిల్ల ఇంతసేపయినా కనబడలేదు.

"బుల్లెమ్మేదీ?"

"పడుకుందండీ. మీరు వెళ్లిన కాణ్ణించీ ఆరుసార్లు విరేచనం అయిందండీ."

చావడి మాట మరిచి లోపలికి పరుగెత్తారు. పిల్ల కళ్లు లోతుకు పోయాయి. నాయనమ్మ పిలుపుకి రెప్పలైతే ఎత్తింది గానీ పలకలేదు. కింద వేసిన గుడ్డ బియ్యం కడిగిన నీళ్లతో తడిసినట్టుంది. ఒళ్లు చల్లగా ఉంది. మునిగిన చేలు చూడ్డానికి పొద్దున్ననగా పోయిన కొడుకు వెంకట్రాజుని పడవ తెమ్మని పాలేరుతో కబురంపారు. ఇప్పుడు బయల్దేరితే ఏలూరు ఆసుపత్రికి చేరేసరికి తెల్లారుతుంది.

"పొద్దున్నే ఎవరినైనా నా వెనకాల పంపకపోయావా? ఈపాటికి పిల్ల ఏలూరులో ఉండేది కదే," అన్నారు. కోప్పడలేదు.

రాజ్యం తల ఎత్తలేదు.

"పచ్చినీళ్లు పోశానని తెలిస్తే మీరేమంటారోనని అండీ."

వెంకటనరసమ్మగారు పిల్లని భుజాన వేసుకుని రేవుకేసి నడిచారు.