ఎర్ర గీతకు కొంచెం కింద

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ఒత్తులు తప్పుతాయి. ఒక్క పేజీ రాయడానికి రెండు రోజులు పడుతుంది. చదివేవాళ్లు ఓపిక పట్టి మన్నించండి. నా నోటితో చెప్పుకోలేని సంగతి ఇది. అందుకే దాన్ని చూసిన గాజు కడ్డీ చేత చెప్పిస్తున్నాను.

నేను ఒక థర్మామీటరును. కడుపులో పాదరసం, ఒంటి మీద అంకెలు, తొంభై ఎనిమిది దాటగానే ఒక ఎర్ర గీత. నన్ను చేసినవాళ్లు వేడినీళ్లలో ముంచి పరీక్ష పెట్టారు. అందులో నెగ్గాను. ఈ మాట గుర్తుంచుకోండి.

పలాసలో ఒక జీడిపిక్కల షెడ్డుకు వచ్చే నర్సమ్మ నన్ను దాలమ్మ చేతికిచ్చింది. ఇప్పుడు ఈ పెన్ను పట్టుకున్నది ఆ చెయ్యే. భర్త పోయాక దాలమ్మ ఏళ్ల తరబడి అక్కడ పిక్కలు కొట్టింది. నడుం పట్టేశాక, పనికి వచ్చే తల్లుల పసిబిడ్డలను ఉయ్యాలల్లో వేసి చూసుకునేది. జీడిరసం తగిలి అక్కడి ఆడవాళ్ల అరచేతులు మొద్దుబారిపోతాయి. నుదుటి మీద చెయ్యి పెడితే వాళ్లకు జ్వరం తెలియదు. అందుకే బిడ్డ పొట్టకు పెదవులు ఆనించి చూసేవాళ్లు. నేను వచ్చాక పెదవుల మాట ఎవరూ వినలేదు.

"నాలిక కింద పెట్టి ఆరు ఇరవైలు ఎంచు, రెండు నిమిషాలవుతుంది. వెండి గీత ఎర్ర గీత దాటితే జ్వరం" అంది నర్సమ్మ. పసిపిల్లల సంగతి వచ్చే వారం చెబుతానంది. ఆ వారంలోనే ఆమెకు బదిలీ అయింది. పసివాళ్ల నోట్లో గాజు పెట్టలేక దాలమ్మ నన్ను చంకలో పెట్టేది. నోరైనా చంకైనా జ్వరం ఒకటే కదా అనుకుని అవే ఆరు ఇరవైలు ఎంచేది.

ఢిల్లేశ్వరి కూతురు తనూజకు అప్పుడు రెండు నెలలు. పొద్దున పాలివ్వడానికి వచ్చి ఢిల్లేశ్వరి కంగారుపడింది.

"పిన్నీ, గుంట ఒళ్లు కాలిపోతంది. పొట్టకాడ మూతెడితే సుర్రుమంది."

దాలమ్మ నన్ను పెట్టింది, తీసింది. గీతకు కొంచెం కింద ఆగి ఉన్నాను.

"కడ్డీ నేదంతంటే నీ మూతి ఉందంతాదేటే? నీ మూతేటి డాక్టరు సదువు సదివిందా? ఎల్లి పిక్కలు కొట్టుకో."

అందరూ నవ్వారు. ఢిల్లేశ్వరి కూడా నవ్వి, నమ్మి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మళ్లీ పెట్టింది. పక్క ఉయ్యాలలో ఇంకో బిడ్డ గుక్కపట్టింది. నాలుగు ఇరవైలకే దాలమ్మ నన్ను లాగేసి, ఎర్ర గీత దాటలేదని పక్కన పెట్టింది. నేనింకా ఎక్కుతూనే ఉన్నాను. గాజుకు నోరుంటే అరిచేదాన్ని. సగం దారిలో ఆగి, పూర్తి నిజంలా కనిపించడం నా వంతు పాపం.

సాయంత్రానికి బిడ్డకు ఫిట్స్ వచ్చాయి. మెదడు వాపు జ్వరమన్నారు ఆసుపత్రిలో. ప్రాణం దక్కింది, రెండు చెవులూ పోయాయి.

"చంకలో అయితే అయిదు నిమిషాలు ఉంచాలి. అయినా తక్కువే చూపిస్తుంది. ఇంత పసిబిడ్డకు ఒళ్లు వేడని తల్లి అన్నాక ఆగకూడదు. మీరు ఎంతసేపు ఉంచారు?" అని అడిగాడు డాక్టరు.

"సెప్పినంతసేపూ ఉంచాను బాబూ. కడ్డీయే పాడైపోనాది" అంది దాలమ్మ.

ఢిల్లేశ్వరి ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నువ్వేటి సేత్తావు పిన్నీ. పాడు కడ్డీ."

ఆ ఓదార్పు దాలమ్మకు ఇన్నేళ్లూ అన్నం సయించనివ్వలేదు. నన్ను గుడ్డలో చుట్టి రేకు పెట్టె అడుగున దాచింది. షెడ్డుకు నుదుటి ముందు పెట్టి నొక్కే కొత్త యంత్రం వచ్చింది. అందరూ దాన్నే నమ్ముతున్నారు.

తనూజకు ఇప్పుడు పదేళ్లు. చెవులు వినపడని పిల్లల బడిలో చదువుతుంది. సెలవులకు వచ్చినప్పుడు పలక మీద దాలమ్మ వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. ముసలమ్మ వంకర గీతలు చూసి పడీపడీ నవ్వేది. ఎందుకు నేర్చుకుంటున్నావని సైగ చేస్తే దాలమ్మ పలక తుడిచి ఇంకో అక్షరం దిద్దేది.

ఆ పిల్లకు నోటితో ఎంత చెప్పినా వినపడదు. అందుకే దాలమ్మ రాయడం నేర్చుకుంది.

ఇవాళ దాలమ్మ నన్ను బయటికి తీసి, విదిలించి, తన చంకలో పెట్టుకుంది. పూర్తిగా అయిదు నిమిషాలు. వెండి గీత ఉండాల్సిన చోటే నిలిచింది. తరవాత నన్ను ఈ కాగితాల పక్కన పెట్టింది. తనూజా, ముందు నువ్వే చదువు. చదివి మీ అమ్మకు చెప్పు.

నేను ఏనాడూ పాడవలేదు.

బమ్మిడి దాలమ్మ,
అరవై తొమ్మిదేళ్లు,
జీడి షెడ్డు వెనక వీధి, కాశీబుగ్గ.