ఒక చోట నిలవని గుడారం

నేను ఒక గుడారాన్ని. ఇప్పుడు చూస్తే మీకు ఆ సంగతి తెలియకపోవచ్చు. ఒక పాత బస్సు పైఅరలో, వంటగిన్నెల బుట్ట పక్కన చుట్ట చుట్టుకుని పడుకున్నాను. ఒంటి నిండా మాసికలు, ఒక మూల చేపల పులుసు మరక. అయినా ఎవరైనా కిటికీ తెరిచి కాస్త గాలి రానిస్తే చాలు, నా కుట్లన్నిటికీ చక్కిలిగింతలు పుడతాయి. గుడారం అన్నాక వేసిన చోట బుద్ధిగా ఉండాలి. నాకా బుద్ధి పుట్టుకతోనే లేదు. ఆ తప్పు నాది కాదు, జగ్గయ్యది.

జగ్గయ్య తెరచాపలు కుట్టేవాడు. శ్రీకాకుళం తీరం నుంచి అండమాన్ దీవులకు వచ్చి, ఒక జెట్టీ పక్కన ఇల్లు కట్టుకున్న జాలరి. మరపడవలు వచ్చాక తెరచాపలు అడిగేవాళ్ళు లేకుండా పోయారు. పని పోయింది గానీ ఆయన చేతుల దురద పోలేదు.

ఆయన అల్లుడు ఎర్రయ్య బస్సు డ్రైవరు. రిటైరయ్యాక స్టీరింగు వదల్లేక ఒక పాత మినీబస్సు కొని, సీట్లు పీకించి, చెక్క మంచాలు వేయించి, గ్యాసు పొయ్యీ నీళ్ళ ట్యాంకూ బిగించి, దీవి చూడవచ్చేవాళ్ళకి దాన్ని అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. ఊళ్ళో అందరూ దాన్ని ఇల్లుబస్సు అన్నారు. వచ్చినవాళ్ళకి బస్సు చాలలేదు, పక్కనే ఇసుకలో గుడారం కూడా కావాలన్నారు.

"మావా, ఓ గుడారం కుట్టీ," అన్నాడు ఎర్రయ్య.

"అదెంత పని," అన్నాడు జగ్గయ్య.

చిక్కంతా అక్కడే వచ్చింది. తెరచాప బల్లపరుపుగా ఉంటే గాలి నిలవదు. మధ్యలో గుడ్డ కొంచెం మిగిల్చి, వదులుగా కుట్టాలి. ఆ వదులునే ఆయన కడుపు అనేవాడు. గుడారానికి అలాంటి కడుపు అక్కర్లేదని ఆయన చెవులకి తెలుసు, చేతులకి తెలియదు. పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తున్న కూతురు పోలమ్మ "నాన్నా, ఇది తెరసాప కాదు, గుడారం," అని గుర్తుచేస్తూనే ఉంది. "నాకు తెల్దేటే?" అంటూనే ఆయన నాకు నిండైన కడుపు పెట్టాడు. చిన్నప్పటి నుంచీ తండ్రి పక్కన అలా కూర్చునే పోలమ్మ తెరచాప గురించి తెలియాల్సినదంతా నేర్చుకుంది. ఈ మాట గుర్తుంచుకోండి.

మనుషులు ఎందుకు గుడారం వేసుకుంటారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మేడలున్న ఊళ్ళ నుంచి ఓడెక్కి, విమానమెక్కి వస్తారు. గోడల్లేని చోట పడుకోవాలని ఎంతో ముచ్చటపడతారు. లోపలికి రాగానే ఫోను ఛార్జింగు ఎక్కడ పెట్టుకోవాలని అడుగుతారు. మొదట నన్ను అద్దెకు తీసుకున్నది కలకత్తా నుంచి వచ్చిన ఒక జంట. వాళ్ళు టీ పెట్టుకుంటుండగా నేను లేచి, కొబ్బరితోట దాటి, ఒక ఆవు మీద వాలాను. తర్వాత హైదరాబాదు కుర్రాళ్ళు వచ్చారు. పాటలు గట్టిగా పెట్టుకుని ఎగిరారు, నేనూ ఎగిరాను. వాళ్ళు ఆగారు, నేను ఆగలేదు.

ఇసుకలో మేకు నిలవదు. కడుపున్న గుడారాన్ని మేకు అసలు నిలపలేదు. అందుకని ఎర్రయ్య గాలి వచ్చే వైపు ఒక ఇసుక బస్తా పాతిపెట్టి, దానికి నా పెద్ద తాడు కట్టడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క తాడు గట్టిగా ఉంటే నేను కుక్కినపేనులా పడుంటాను. అది ఊడిందా, మిగతా మేకులు నాకు లెక్కే కాదు. ఇంత చాకిరీ చేయించే గుడారం మాకొద్దని అద్దెకు తీసుకునేవాళ్ళు అనేయడంతో, నన్ను పెరట్లో పడేసి నా మీద రొయ్యలు ఎండబెట్టారు. తెరచాప కడుపున పుట్టి రొయ్యల కింద పరుపునయ్యాను.

అలా ఉండగా ఎర్రయ్య చిన్నకొడుకు దానేసుకి పెళ్ళయింది.

పెళ్ళికూతురు నూకరత్నం ఓడ మీద వచ్చింది. ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ఎర్రయ్య, పోలమ్మ, పెద్దకొడుకు సింహాచలం, అతని భార్య బంగారమ్మ, వాళ్ళ పిల్లలిద్దరూ ఆ గదుల్లోనే సర్దుకునేవారు. ఇప్పుడు ఈ కొత్త జంట కూడా. ఆ ఇంట్లో ఒకరు తుమ్మితే నలుగురు "సిరంజీవ" అంటారు. రత్నం వచ్చిన నాటి నుంచీ ఎవరేమడిగినా "ఊఁ" అనడమే. దానేసు ఏమడిగినా "ఊఁ". అంతకుమించి ఏదైనా అనబోతే మంచం కింద నుంచి ఎవరో ఒక పిల్లాడు తల బయటపెట్టేవాడు.

ఉగాదికి ఆమె పుట్టింటికి వెళ్ళాలి. వైజాగ్ ఓడకి టికెట్టు కూడా తీసేశారు. దానేసుకి నిద్ర పట్టడం మానేసింది. ఈ పిల్లకి నేను నచ్చానో లేదో, ఓడెక్కాక మళ్ళీ ఇష్టంగా వస్తుందో రాదో, ఒక్కసారి తీరిగ్గా అడిగి తెలుసుకోవాలని అతని ఆరాటం. రొయ్యలు తిరగేస్తూ అతను నా దగ్గరే గొణుక్కునేవాడు కాబట్టి నాకు తెలుసు.

చివరికి ధైర్యం చేసి తండ్రినడిగాడు. "నాన్నా, బస్సు ఓ రోజు నాకిత్తావా? నానూ, ఇదీ అలా బీచికి ఎల్లొత్తాం."

ఎర్రయ్య జవాబు చెప్పేలోగా వంటింట్లోంచి పోలమ్మ గొంతు ఖంగుమంది. "కొత్త కోడల్ని ఒంటరిగా సముద్రం కాడికి అంపుతానేట్రా? గాలీ దూళీ తగిల్తే? నానూ వత్తాను."

"అత్త వత్తే నాను రావద్దేటి?" అంది బంగారమ్మ.

"అందరూ ఎల్తే నాకెవులు వండుతారు?" అన్నాడు సింహాచలం.

పొద్దున్నే ఇల్లుబస్సు బయల్దేరేసరికి అందులో ఇల్లంతా ఉంది. చేపల కూర గిన్నె, గోంగూర జాడీ, పిల్లలు, పిల్లలు వదిలి రానన్న కోడిపెట్ట. దానేసు స్టీరింగు పట్టుకున్నాడు. రొయ్యలు దులిపి నన్ను కూడా బస్సు పైన కట్టారు. ఆ వాసనతో దారి పొడుగునా కాకులు మా వెంట వచ్చాయి.

గుడారాలు వేసుకోనిచ్చే తీరం అది. అక్కడ నాకంటే పడుచు గుడారాలు రంగురంగులుగా గొడుగుల్లా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నన్ను విప్పారు. పోలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని పెత్తనం మొదలుపెట్టింది. "గుమ్మం బస్సు ఏపు పెట్టండి, నాకు అగుపించాల. ఆ మేకు ఇలా పాతు. ఒరే సింహాచలం, అది మేకురా, పందుంపుల్ల కాదు." ఇసుక బస్తా తాడు దగ్గరికి దానేసు వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఒగ్గీ. ఇది నాను కడతాను. మీకు ముడెయ్యడం రాదు."

కట్టింది. నాకు ఆ ముడి ఒంటికి తగలగానే ఎక్కడో తెలిసినదే అనిపించింది.

ఎండెక్కింది. కొత్త జంట కోసం వేసిన నాలోకి ముందు పిల్లలు దూరారు, తర్వాత కోడి, ఆ తర్వాత సింహాచలం వచ్చి అడ్డంగా పడుకుని గురకపెట్టాడు. ఎర్రయ్య కాళ్ళు బయట, తల లోపల పెట్టి కునుకు తీశాడు. కొత్త జంట ఎండలో, ఒకరు అటు, ఒకరు ఇటు, చెరో కొబ్బరి బొండం పట్టుకుని కూర్చుంది.

"ఎండగా ఉందా?" అన్నాడు దానేసు.

"ఊఁ," అంది రత్నం.

"బాబాయ్, పిన్ని 'ఊఁ' అంది!" అని లోపల్నుంచి పిల్లలు అరిచారు.

పొద్దు వాలుతుండగా సముద్రం మీద గాలి తిరిగింది. నాకు ముందే తెలిసిపోయింది. నా కడుపు బిగుసుకుంటోంది. పోలమ్మ పళ్ళాలు చేత పట్టుకుని వచ్చి, ఒకసారి నీళ్ళ వంక చూసి, "లెగండి, లెగండి, కూర సల్లారిపోతంది! అందరూ బయటికి రండి!" అని కేకలేసింది. సింహాచలాన్ని కాలితో తట్టి లేపింది. పిల్లలు, కోడి, ఎర్రయ్య తల, అన్నీ బయటికి వచ్చాయి. నేను ఖాళీ అయ్యాను.

మరుక్షణం బస్తా తాడు వదులైంది.

అబ్బ, ఆ ఉబ్బు! ఎన్నాళ్ళ రొయ్యల వాసనో ఒక్క ఊపులో ఒంట్లోంచి పోయింది. మేకులు ఒకదాని తర్వాత ఒకటి ఇసుకలోంచి లేచి నాతో పాటు గాల్లోకి వచ్చాయి. వెదురు కర్రలు జారిపడ్డాయి. నేను ఆకాశమంత వెడల్పయ్యాను.

"ఓలమ్మో! గుడారం ఎల్లిపోతంది!" అని పోలమ్మ పళ్ళాలు కింద పెట్టి గుండెలు బాదుకుంది. "దానేసూ, లగెత్తరా! రత్నం, నువ్వూ ఎల్లే, ఆడి ఒక్కడి వల్ల కాదు!"

"నానూ ఎల్తానమ్మా," అని సింహాచలం లేచాడు.

"కూకో! ఇప్పుడే తిన్నావు, కడుపులో పట్టేత్తాది."

"నానింకా తిననేదే!"

"అయితే తిను!" అని అతని ఒళ్ళో పళ్ళెం పెట్టి, రెండు చేతులతో పిల్లలిద్దరి చొక్కాలు పట్టుకుంది.

నేను తీరం పొడుగునా దొర్లాను, లేచాను, మళ్ళీ దొర్లాను. ఉయ్యాల మంచంలో పుస్తకం చదువుతున్న ఒక తెల్లదొరసాని టోపీ నాతో వచ్చేసింది. మొగలి పొదల మీద ఒక్క క్షణం ఆగి, వెనక ఎవరొస్తున్నారా అని చూశాను. దానేసు ముందు, రత్నం వెనక. కొంచెం దూరం పోయేసరికి రత్నం ముందు, దానేసు వెనక. ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపి చేపపిల్లలా ఉరుకుతోంది. అంతలో ఒక విచిత్రమైన చప్పుడు. ముందు కొంగ అరిచిందనుకున్నాను. కాదు, రత్నం నవ్వుతోంది. అది విని దానేసు పరిగెత్తడం మరిచి ఇసుకలో బోర్లా పడ్డాడు.

"మావా! ఎనకనే ఉరక్కు! పక్కనుండి రా! గాలి పోయే ఏపుకెల్లి పట్టు!" అని ఆమె కేకలేస్తోంది. పడవల ఊళ్ళో పుట్టిన పిల్ల, నా సంగతి ఆమెకి ఇట్టే తెలిసిపోయింది. నేను రాళ్ళగుట్ట చుట్టూ తిరిగి అవతల చిన్న ఇసుక తిన్నె మీదికి వెళ్ళాక, తాడు కొస అందుకుని ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ నా మీద పడ్డారు. నేను గాలి పోయి చదునైపోయాను.

ఊపిరి తీసుకుని వెనక్కి చూసేసరికి, వచ్చిన దారి లేదు. పోటు పెరిగి, గుట్ట కింద రాళ్ళు నీళ్ళలో మునిగాయి. మళ్ళీ నీరు తీసేదాకా అటు నుంచి ఎవరూ రాలేరు, ఇటు నుంచి ఎవరూ పోలేరు. మొగలి పూల వాసన, ఎండ్రకాయలు, వాళ్ళిద్దరూ, నేను.

దానేసు పిడికిలి పిడికిలిగా ఇసుక తీసి జారవిడిచాడు. చివరికి అడిగాడు. "ఈ దీవి నీకు నచ్చినాదా?"

"దీవి బానే ఉన్నాది. మడుసులే ఎక్కువైపోనారు."

"మరి... నాను?"

"నువ్వూ ఆ మందలో ఒకడివే గదా ఇన్నాళ్ళూ. ఇయ్యాలే ఒంటిగా దొరికినావు." అతని జుట్టులో ఇసుక దులిపింది. "పడ్డప్పుడు సూసినాను. పరవాలేదు, నచ్చినావు."

"ఉగాది ఎల్లినాక బేగి వొచ్చేత్తావా?"

"ఎల్లకముందే వొచ్చేయమంటే ఎలా?"

ఇక అక్కడి నుంచి రత్నం మాటలు మొదలయ్యాయి. వాళ్ళ ఊరు, వాళ్ళ మేక, ఓడలో పక్క మంచం ముసలమ్మ, సింహాచలం బావ గురక ఏ రాగంలో సాగుతుందో, అన్నీ. దానేసు నోరు తెరుస్తాడు, ఇంకో కథ మొదలవుతుంది.

"ఇన్ని మాటలు ఏడ దాసినావే?" అన్నాడు చివరికి.

"మీ ఇంట్లో పెట్టడానికి సోటేదీ?"

ఆ మిగతా మాటలు నేను వినలేదు. గుడారానికి కూడా మర్యాద ఉంటుంది. చెవులు మడత కింద పెట్టుకున్నాను.

నీరు తీశాక, బాగా రాత్రయ్యాక, నన్ను చెరో కొసా పట్టుకుని తిరిగొచ్చారు. పోలమ్మ ఇద్దర్నీ దులిపేసింది. ఎక్కడ సచ్చినార్రా, ఇంతసేపా, గాలీ దూళీ అని. రత్నం తల వంచుకుని "ఊఁ" అంది. కానీ ఈసారి ఆ "ఊఁ" చివర ఒక నవ్వు తోక ఊపింది.

ఎర్రయ్య నా తాడు కొస దీపం దగ్గర పెట్టి చూశాడు. "తెగనేదు. ముడి ఊడిపోనాది. ఇది ఎవులు కట్టినారు?"

"ఆ గాలి అలాటిది," అంది పోలమ్మ, గిన్నెలు తోముతూ.

నాకు మాత్రం అంతా తెలుసు. ఆమె వేసింది జారుముడి. సముద్రం మీద పెనుగాలి తగిలినప్పుడు తెరచాపని ఒక్క లాగుడుతో వదిలేయడానికి వేసే ముడి, జగ్గయ్య నేర్పినది. అందరినీ బయటికి పిలిచి, రెండు చేతుల్లో పళ్ళాలు పట్టుకుని, ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తూ, ఆ తాడు కొసని ఆమె కాలి బొటనవేలితో లాగింది.

రత్నం ఉగాదికి వెళ్ళింది. అనుకున్న దానికంటే ముందు ఓడకే వచ్చేసింది. ఆ తర్వాత నా మీద రొయ్యలు ఎండబెట్టే పని మానేశారు. కొన్నాళ్ళకి బంగారమ్మ వచ్చి, కొంగు కొస మెలిపెడుతూ, "అత్తా, ఈ మారు ఎల్లినప్పుడు మాకూ నువ్వే ముడేత్తావా?" అని అడిగింది. వేసింది. సింహాచలం అంత వేగంగా పరిగెత్తగలడని ఆ రోజే ఊరికి తెలిసింది. ఊళ్ళో ఆ జంటలు, ఈ జంటలు, నా ఒంటి మీద ఒక్కో మాసికా ఒక్కో పరుగు. పక్క గుడారాలు కదలకుండా నిలబడి చూసి, పాపం, వెలిసిపోయాయి.

మొన్న మళ్ళీ అందరూ వెళ్ళారు. పోలమ్మ అలవాటుగా బస్తా దగ్గరికి వంగబోతే రత్నం చెయ్యి అడ్డం పెట్టింది. "ఒగ్గీ అత్తా. ఇది నాను కడతాను." పోలమ్మ ఆ ముడి చూసింది, కోడలి ముఖం చూసింది. కొంగు నడుముకి చుట్టుకుంది.

గాలి తిరిగింది. రత్నం పళ్ళాలు పట్టుకుని ఆకాశం చూసింది. నేను లేచాను.

ఎర్రయ్య నోరు తెరుచుకుని చూస్తుండగా, ఎన్నడూ అతన్ని "ఓయ్, నిన్నే" అని తప్ప పిలవని పోలమ్మ అతని చెయ్యి పట్టి లేపింది.

"లెగు మావా, లగెత్తు!"

అతనికి మోకాళ్ళ నొప్పులు. ఆమెకి ఆయాసం. వెనక్కి తిరిగి చూస్తే చెయ్యి చెయ్యి పట్టుకుని, పడుతూ లేస్తూ, చిన్నపిల్లల్లా అరుస్తూ వస్తున్నారు. రాళ్ళగుట్ట ఇంకా దూరంగా ఉంది, పోటు పెరుగుతోంది.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నేను నెమ్మదిగా ఎగిరాను.