మలుపు దగ్గర కాపలా

అడవి పార్కులో సైకిళ్లు తొక్కే ఆ గుంపుకి ఉన్న నియమం ఒక్కటే. దారి రెండుగా చీలిన చోటల్లా వంతులవారీగా ఒకరు ఆగిపోవాలి. ఆఖరి మనిషి వచ్చేదాకా అక్కడే నిలబడి, దారి చూపించి, అప్పుడు కదలాలి. దాన్ని వాళ్లు కాపలా అనేవారు. కొండ చుట్టూ తిప్పి మళ్లీ కార్లు ఆపిన చోటికే తెచ్చే ఆ బాటలో అన్ని చీలికలున్నా, ఇంతవరకూ ఎవరూ తప్పిపోలేదంటే ఆ కాపలా చలవే.

గుంపులో ఒకాయన, దాన్ని నడిపించే కుర్రాడికి అక్క మొగుడు కాబట్టి, అందరికీ బావగారైపోయాడు. బావగారికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. పొద్దస్తమానం స్టూలు మీద కూర్చుని అద్దాలు అరగదీసే మనిషి, పొట్ట కూడా తన పని తను చేసుకుపోయింది. ప్రతి ఆదివారం అందరికన్నా ఆఖర్న చేరడం, "రండి బావగారూ, మీ కోసమే పొద్దు పోకుండా ఆగింది" అనిపించుకోవడం ఆయనకు మామూలే. పైకి నవ్వేవాడు. లోపల మాత్రం ఒళ్లు మండేది.

ఈ ఆదివారం ఆయన భార్య కూడా వచ్చింది. ఇంటి ముందు వీధిలో తొక్కడం నేర్చుకుని, తమ్ముణ్ణి బతిమాలి మరీ వచ్చింది. "నువ్వు వెనక నిదానంగా రా అక్కా, చీలికల దగ్గర మావాళ్లుంటారు" అన్నాడు తమ్ముడు. ఇక ఆఖరి చోటు తనది కాదని బావగారికి ప్రాణం లేచొచ్చింది. సిగ్గుచేటే గానీ, సంతోషించిన మాట నిజం.

ఆఖరి చీలికైన రాళ్ల దిగుడు దగ్గర కాపలా ఆయన వంతుకొచ్చింది. ఎడమకు వెళ్తే మెత్తటి మట్టి దారి. కుడికి వెళ్తే ఆరితేరినవాళ్లు కూడా ఆలోచించి దిగే రాళ్లు. వెనక చీలికల దగ్గర ఆమెకు దారి చూపించి ముందుకొచ్చేసిన వాళ్లతో సహా గుంపంతా ఎడమకు వెళ్లిపోయింది. భార్య జాడ లేదు. ఆయన సైకిల్ని చెట్టుకి ఆనించి నిలబడ్డాడు. అంతలో ఎవరో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు సైకిళ్ల మీద వచ్చారు.

"అలసిపోయారా అంకుల్? కాసేపు కూర్చోండి, పర్లేదు," అంది ఒకమ్మాయి ఎంతో దయగా.

ఆ దయతోనే వచ్చింది చిక్కంతా. "కాపలా ఉన్నానమ్మా" అనేలోపే వాళ్లు ఎడమకు తిరిగి వెళ్లిపోయారు. ఇక బావగారికి కాలు నిలవలేదు. మడమతో మట్టిలో ఎడమకు ఇంత పొడుగు బాణం గీశాడు. చదువుకున్న మనిషి, ఆమాత్రం చూసుకోదా అనుకున్నాడు. రొప్పుతూ రోజుతూ తొక్కి ఆ అమ్మాయిల్నే కాదు, తమ గుంపులో ఇద్దర్ని కూడా దాటేశాడు.

కార్ల దగ్గర చప్పట్లు కొట్టారు. "ఏం తొక్కావు బావా," అని బావమరిది వీపు తట్టాడు. "అక్కేది?"

"వెనకే వస్తోంది," అన్నాడు బావగారు నీళ్లు తాగుతూ.

నీళ్లు అయిపోయాయి, కబుర్లూ అయిపోయాయి. ఆమె రాలేదు. అందరికన్నా ముందు బావగారే సైకిలు వెనక్కి తిప్పాడు. తీరా వెళ్లి చూస్తే మలుపు దగ్గర బాణం లేదు. దాని మీంచి ఎవరెవరి చక్రాలు పోయాయో, మట్టంతా చదునైపోయింది.

ఆమె రాళ్ల దారిలో కింద కనిపించింది. ఒంటి చేత్తో సైకిల్ని ఈడ్చుకుంటూ పైకి వస్తోంది. మోకాలు చీరుకుపోయింది. రెండో చెయ్యి వాచిపోయి, గుండెకి ఆనించుకుని ఉంది.

"అదేంటక్కా, ఇక్కడ బావ నిలబడే ఉన్నాడుగా?" అన్నాడు తమ్ముడు.

ఆమె మొగుడి వైపు చూసింది. ఎక్కువసేపు కాదు.

"ఉన్నారు. ఎడమకే చూపించారు. నేనే బ్రేకు పట్టలేక ఇటు వచ్చేశాను."

"ఇందుకే ముందు వద్దన్నాను. అంత మనిషి నిలబడి చూపిస్తున్నా తెలీకపోతే ఎలా? వచ్చే వారం నుంచి నువ్వు ఇంట్లోనే ఉండు," అన్నాడు తమ్ముడు.

ఆమె తల దించుకుంది. దించుకోవాల్సిన తల ఎవరిదో బావగారికి తెలుసు. బతికుండగానే చచ్చినట్టనిపించింది.

"దాని తప్పేం లేదు," అన్నాడు. "నేనిక్కడ లేను. మట్టిలో బాణం గీసేసి వచ్చేశాను."

బావమరిది పకపకా నవ్వేశాడు.

"చాల్లే బావా. పెళ్లాన్ని వెనకేసుకు రావడంలో నీ తర్వాతే ఎవరైనా. బాణమట, బాణం."

అందరూ నవ్వారు. మొగుడంటే ఇలా ఉండాలని కూడా అన్నారెవరో. "నిజంగానే లేను" అన్నాడు బావగారు. కానీ ఆ మాట ఆయనకే సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి గట్టిగా అనడానికి నోరు రాలేదు.

ఆసుపత్రికి వెళ్తుంటే కారులో వాళ్లిద్దరే ఉన్నారు. ఆమె వాచిన చేతిని ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది.

"నన్ను కాపాడాలని అబద్ధం ఆడావు," అన్నాడాయన. "నాకు తల కొట్టేసినట్టుంది."

"మీ కోసం ఆడలేదు," అంది ఆమె, ఇటు తిరక్కుండానే. "మొగుడు నన్ను అడవిలో వదిలేసి పోయాడని తమ్ముడితో చెప్పుకోడానికి నాకు సిగ్గేసింది."