సీసం గుండ్ల అంచు

సుందరమ్మ నల్లటి జారుడు బట్టను మిషన్ సూది కిందికి తెచ్చి, అంచును వేలెడు వెడల్పున మడిచి, ఆ మడతలోకి ఒక్కో సీసం గుండును జారవిడుస్తోంది. పెసరగింజ కన్నా కాస్త పెద్దవి. చేపల వలలకు అడుగున కట్టే గుండ్లవి. బేగంబజార్‌లో తాళ్లూ వలలూ అమ్మే దుకాణం నుంచి తెప్పించారు. గుండు జారగానే బొటనవేలితో నొక్కిపట్టి, కదలకుండా అడ్డంగా రెండు కుట్లు వేసి, మళ్లీ ఇంకొకటి. మిషన్‌కు మోటారు పెట్టి ఏళ్లు గడిచినా ఆమె ఎడమకాలు మాత్రం పాత తొక్కుడు మిషన్‌నే తొక్కుతున్నట్టు కదులుతూ ఉంటుంది. ఎడమచేతి చూపుడువేలి గోరు మధ్యలో చీలి ఉంటుంది, ఎప్పుడో సూది దిగిన చోటు. కళ్లజోడు కాడ ఒకటి విరిగితే నల్లదారం చుట్టి చెవికి తగిలించుకుంది.

లాడ్ బజార్ వెనక సందులో, గాజుల గోదాము మీది గది అది. కింద లక్క కాలుస్తుంటే ఆ వాసన మెట్ల మీదుగా పైకెక్కి బట్టలకు పట్టుకుంటుంది. మునుపు ఈ కుట్టుపని నడిపే నుస్రత్ ఆపా దగ్గర పెళ్లిబట్టలే కుట్టేవారు. పాతబస్తీ ఆడవాళ్లు గుంపులు కట్టుకుని దీవుల యాత్రలకు పోవడం మొదలైనప్పటి నుంచి ఈ నీళ్ల డ్రెస్సుల గిరాకీ వచ్చిపడింది. పొద్దున సముద్రంలో దూకాలి, మధ్యాహ్నం అదే డ్రెస్సుతో పాత కట్టడాలు చూడాలి, నడుమ బట్టలు మార్చుకునే జాగా ఉండదు. అందుకని మణికట్టు దాకా చేతులు, మోకాలు దాటే అంగీ, చీలమండల దాకా పైజామా. తడిసినా ఒంటికి అంటకూడదు, గట్టెక్కి కాసేపు నడిస్తే ఆరిపోవాలి. అన్నీ కుదిరాయి గానీ ఒక్కటే ఫిర్యాదు: నీళ్లలోకి దిగగానే అంగీ గొడుగులా పైకి లేస్తోందని.

ఉపాయం చెప్పింది సుందరమ్మే. "అంచుకు బరువు పెడ్దాం ఆపా. వలకు పెట్టరా, గట్ల." ఆపా ఆమె వీపు తట్టింది. ఆ రకంగా కుట్టిన మొదటి డ్రెస్సు సుందరమ్మ కూతురు సుజన ఒంటిమీదికి పోయింది. సుజన ఇప్పుడు అండమాన్‌లో ఉంది.

చార్మినార్ దగ్గర ఒక యాత్రల ఆఫీసులో పనిచేస్తుంది సుజన. ఇన్నాళ్లూ టికెట్లు చేసేది. ఆడవాళ్ల గుంపును తనే వెంటపెట్టుకుని పోవడం ఇదే మొదలు. పొద్దున ఫోన్ చేసింది.

"అమ్మా, బోటెక్కుతున్నం. ముందుగాల నీళ్ల ఆటల దీవి. పగటీలి తిన్నంక పాత చర్చి ఉన్న ఇంకో దీవి, ఆడ జింకలుంటయంట. పొద్దుమీకి జైలు సూపిస్త అందరికి. నడుమల సిగ్నల్ ఉండది, ఫికర్ చెయ్యకు."

"నువ్వు గూడ నీళ్లల్లకు దిగాల్నా?"

"ముందుగాల నేను దిగకుంటే వీళ్లెవలు దిగుతరమ్మా?"

అంతే, ఫోన్ పెట్టేసింది. అప్పటి నుంచీ సుందరమ్మ ఒక కన్ను సూది మీద, ఒక కన్ను ఫోన్ మీద వేసి కూర్చుంది.

"సుందరక్కా, దాన్ని గట్ల సూడకు, సిగ్గుపడి బందైతది," అంది ఆగమ్మ. బొత్తాలూ కాజాలూ కుట్టేది ఆగమ్మ. నోరు ఊరుకోదు.

సుందరమ్మకు నీళ్లంటే భయం. పెనిమిటి మల్లన్న పోయింది నీళ్లకే. గౌలిపురలో వాళ్లకు బర్రెలుండేవి. ఒక వానాకాలం నాలా పొంగి సందుల్లోకి వస్తే, కట్టేసిన బర్రెల పలుపులు కోస్తానని మొలలోతు నీళ్లలో పోయాడు. పలుపులు కోశాడు. తెల్లారేసరికి బర్రెలు వాటంతట అవే నడిచి వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాయి. మల్లన్న రాలేదు. బర్రెలను అమ్మి మిషన్ కొనుక్కుంది. పిల్ల అప్పుడింకా బడికి పోయే ఈడు. బడిపిల్లలను హుస్సేన్‌సాగర్‌లో పడవ ఎక్కిస్తారని తెలిస్తే చాలు, సుజనకు జ్వరమని కబురు పంపేది. జ్వరం లేని పిల్ల పొద్దంతా దుప్పటి కప్పుకుని, మూతి ముడుచుకుని పడుకునేది. వానపడితే సుందరమ్మ గొడుగు పట్టుకుని బడి గేటు ముందు నిలబడేది. బడి వదిలే వేళ కాకముందే పోయి నిలబడి, కాపలా ఆయనతో మాటలు పడేది. ఆ పిల్లకే చివరికి సముద్రంలో నౌకరీ దొరికింది.

పోవద్దని ఏడ్చింది, అలిగింది, అన్నం మానింది. ఏదీ సాగలేదు. ఆఖరికి డ్రెస్సు తనే కుడతానంది. తన చేతి కుట్టు ఒంటిమీద ఉంటే పిల్లకు ఏమీ కాదని మనసుకు చెప్పుకుంది. పడవల దగ్గర మగవాళ్లుంటారు, అంగీ లేస్తే పిల్ల సిగ్గుతో చస్తుందని, అంచుకు ఒక వరస కాదు, రెండు వరసల గుండ్లు వేసింది.

ఎండ కిటికీ దాటి మిషన్ల మీదికి వచ్చేసరికి షారోన్ వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. తమ చర్చి ఆడవాళ్లతో కలిసి వచ్చే వారం అదే దీవికి పోతోంది. సుందరమ్మ ఆమె డ్రెస్సుకు చివరి గుండు కుట్టి దారం కొరికింది.

"ఆంటీ, ఫొటోలు మంచిగ రావాలె. బొద్దుగ కనిపియ్యొద్దు."

"సముద్రం ముంగట అందరం సన్నగనే కనిపిస్తం తియ్ మేడం," అంది ఆగమ్మ.

ఏ డ్రెస్సయినా కొన్నవాళ్ల కళ్లముందే నీళ్లలో ముంచి, రంగు దిగడం లేదని చూపించి ఇవ్వడం ఆపా పద్ధతి. సుజనది ఇంటి డ్రెస్సని అలా ముంచి చూడలేదు. ఆగమ్మ మూలనున్న నీలం టబ్బును ముందుకు లాగి, డ్రెస్సును మెల్లగా అందులోకి వదిలింది. ఎప్పుడూ అయితే బట్ట బుడగలా ఉబ్బి పైకి తేలేది, చేత్తో అదిమి ముంచాల్సి వచ్చేది. ఇది అలా తేలలేదు. చేతులు రెండూ పైకి లేచాయి, అంగీ నిట్టనిలువునా కిందికి దిగింది. గుండ్లు టబ్బు అడుగుకు తగిలి టక్కుమన్నాయి.

"అమ్మో, బుడుంగున మునిగింది! ఆంటీ, నేను గూడ గిట్లనే పోతనా ఏంది?" షారోన్ నవ్వింది. ఆగమ్మా నవ్వింది.

సుందరమ్మ నవ్వలేదు. టబ్బు అడుగున చేతులెత్తి ఉన్న ఆ అంగీలో ఆమెకు మనిషి కనబడింది. వల గుండు చేసే పని ఏమిటి? వలను కిందికి తీసుకుపోవడం. ఆ సంగతి తెలిసే కదా తెప్పించింది. తెలిసే కదా, కడుపున పుట్టిన బిడ్డకు రెండు వరసలు కుట్టింది.

ఫోన్ తీసి సుజనకు చేసింది. అవతల ఒక ఆడగొంతు హిందీలో, నంబరు అందుబాటులో లేదని చెప్పింది. మళ్లీ చేసింది. ఆ గొంతే. "ఆపా," అంది. పిల్ల అంచుకు రెండు వరసలు కుట్టానని చెప్పింది.

నుస్రత్ ఆపా సంగతి విని, తల మీది ఓణీ సర్దుకుంటూ సుజన ఆఫీసుకు ఫోన్ చేసింది. ఉర్దూలో కాసేపు గట్టిగా, కాసేపు బతిమాలినట్టు మాట్లాడింది. "సుందరమ్మా, లైఫ్ జాకెట్ లేకుండ ఎవర్నీ నీళ్లల్ల దించరంట. పరేషాన్ కావద్దు అంటుండ్రు. పొద్దుమూకినంక లైన్ కలుస్తదంట."

"జాకెట్ పైకి గుంజుతది. నేను కిందికి గుంజిన. ఎవలు గెలుస్తరు ఆపా?"

ఆపా ఫోన్ పక్కన పెట్టి ఆమె దగ్గరికొచ్చి కూర్చుంది.

సుందరమ్మ టబ్బులో చెయ్యి పెట్టి తడి డ్రెస్సును పైకి తీసింది. ఒళ్లో వేసుకుని, బ్లేడుతో అంచు కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఒళ్లంతా తడిసింది. ఒక్కో గుండు రాలి నేల మీద దొర్లుతుంటే ఆగమ్మ నోరెత్తకుండా ఏరింది. షారోన్ స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి మెల్లగా అడిగింది, "మరి అంగీ లేస్తే ఎట్ల ఆంటీ?"

"లేస్తే లేవని బిడ్డా. సిగ్గు పోతే మళ్లొస్తది."

షారోన్ చప్పున ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నేను ప్రార్థన చేస్త ఆంటీ," అంది.

సుందరమ్మ కూడా మొక్కింది. బ్లేడు కదులుతూనే ఉంది, పెదవులు కదలలేదు. అమ్మా మహంకాళీ, నా మనిషి పోయినప్పుడు నిన్ను నేను ఒక్క మాట అనలేదు. బిడ్డను నీళ్లలో నుంచి ప్రాణంతో బయటికి తియ్యి. దాని మీద ఇంకే ఆశా పెట్టుకోను. నా దగ్గరే ఉండమని అడగను, నేను చెప్పినట్టు వినమని అడగను. ఎక్కడున్నా సరే, ఊపిరి పీల్చుకుంటూ ఉంటే అదే చాలు.

గుండ్లు లేని అంచుకు వేరే దారి ఆలోచించింది. అంగీ లోపల రెండు పక్కలా పట్టీలు, పైజామా తొడల దగ్గర బొత్తాలు. పట్టీని బొత్తానికి తగిలిస్తే అంగీ లేవదు, బరువూ ఉండదు. ఆగమ్మ బొత్తాలు కుట్టింది. మళ్లీ టబ్బులో వేస్తే డ్రెస్సు తేలింది. అలా తేలుతుంటే చూసి సుందరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఈ బుద్ధి నాలుగు రోజుల కిందట రాకపాయె కదా.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. ఆపా తన రొట్టెలో సగం చుట్టి చేతిలో పెడితే దాన్ని పట్టుకునే కూర్చుంది.

పని ముగించి మెట్లు దిగేసరికి గాజుల దుకాణాల్లో దీపాలు వెలిగాయి. చార్మినార్ చుట్టూ బళ్లు, ఆటోలు, జనం. ఆమెకు ఏదీ పట్టలేదు. షాలిబండ ఎత్తు ఎక్కుతుంటే ఊపిరి అందక రెండుసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ ఫోన్ చేసింది. గౌలిపుర సందు మలుపులో పాలకేంద్రం ముందుకు వచ్చేసరికి ఫోన్ దానంతటదే మోగింది.

"అమ్మా!" వెనక గాలి, ఎవరివో నవ్వులు.

సుందరమ్మ గోడకు చెయ్యి ఆనించుకుంది.

"అమ్మా, ఇనబడ్తలేదా?"

"ఇనబడ్తుంది. ఇంకొకసారి పిలువు."

"ఏంది?"

"అమ్మా అని ఇంకొకసారి పిలువే."

సుజన నవ్వింది. పిలిచింది. తర్వాత ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. "అంచుకు ఏం కుట్టినవమ్మా గట్ల? జాకెట్ ఏసుకుని దిగంగనే, కిందికెల్లి ఎవలో అంగీ పట్టుకుని గుంజినట్టైంది. నువ్వే అనుకున్న! పడవాయన అంచు పట్టి సూసి, చేపలు పట్టనీకి వచ్చినవా మేడం అని ఒకటే నవ్వుడు. గట్టుకు తీస్కచ్చి కత్తెరతోటి అంచు మొత్తం కోసేసిండు. మళ్ల దిగిన."

"మళ్ల దిగినవా?"

"దిగకుంటే ఎట్ల, అందరు నన్నే సూస్తుండ్రి. నీళ్ల కింద పూలతోటలెక్క ఉందమ్మా. మా గుంపుల లక్ష్మీకాంతమ్మ గారు లేదా, మోకాళ్ల నొప్పులామె, ఆమె గూడ దిగింది. మళ్ల పగటీలి పాత చర్చికి పోతే, పైకప్పే లేదు, చెట్ల వేర్లే గోడలను పట్టుకుని నిలబెట్టినయి. ఆమె చెప్పులిడిచి లోపలికి పోయి దండం పెట్టింది. కప్పు లేకుంటే దేవుడుండడా అన్నది. మస్తు మంచిగైందమ్మా. డ్రెస్సు నడుస్తుంటెనే ఆరిపోయింది."

సుందరమ్మ ఊ కొడుతూ ఉంది. మాటల కన్నా ఆ మాటల వెనక పిల్ల ఊపిరి వినబడటమే ఆమెకు కావలసింది. పాలకేంద్రం ఆయన ఏం కావాలని సైగ చేశాడు. ఆమె చేతులు జోడించింది. ఎందుకో అర్థంకాక ఆయనా జోడించాడు.

"అమ్మా, ఒక మాట. కోపం చెయ్యవు గద?" సుజన గొంతు తగ్గింది. "ఇక్కడి ఆఫీసాయన అడుగుతుండు. ఆడోళ్లను నీళ్లల్ల దించి, తర్వాత జాగలన్ని తిప్పి కథ చెప్పెటోళ్లు ఆడోళ్లల్ల లేరంట. గుంపును విమానం ఎక్కిచ్చి నన్ను ఇక్కడ్నే ఉండుమంటుండు. వానలు మొదలయ్యేదాక. మంచి రూమిస్తరంట, నాతోటి ఇంకో ఇద్దరు ఆడపిల్లలు. నువ్వు వద్దంటే వచ్చేస్త."

వచ్చెయ్యమనే మాట సుందరమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. రోజూ ఆ నీళ్లలోకి, రోజూ ముందుగా దిగేది తన పిల్లే. తుపానులుంటాయి, సొరచేపలుంటాయి, పడవ ఇంజన్లు నడి సముద్రంలో ఆగిపోతాయి. లెక్కలేనన్ని చావులు ఆమె కళ్లముందు గిర్రున తిరిగాయి. కానీ పొద్దున అమ్మవారికి ఇచ్చిన మాట ఉంది. అడిగింది అడిగినట్టు చేతిలో పెట్టిన తల్లితో బేరాలాడటం ఆమెకు చేతకాదు.

"ఉండు బిడ్డా," అంది.

"నిజంగ అంటున్నవా? ఏడుస్తున్నవా?"

"ఏడుస్తలేను. నువ్వు పలుకుతున్నవ్ గద, నాకెందుకు ఏడుపు? ఇగో, నేను కొత్త రకం డ్రెస్సు కుట్టి పంపుత, పట్టీలది. గుండ్లు లేవు అండ్ల. అది ఏసుకునే దిగు. పొద్దుమీకి గట్టెక్కినంక ఒక్కసారి ఫోన్ చెయ్యి, మాట్లాడకున్నా మంచిదే, అమ్మా అని పెట్టేయ్."

"సరే."

"ఇప్పుడొకసారి అను."

సుజన అంది. ఫోన్ పెట్టేసింది.

సుందరమ్మ పాల పొట్లం కొనుక్కుని ఇల్లు చేరింది. తాళం తీసి, దీపం ముట్టించి, ఆపా ఇచ్చిన రొట్టెను పాలలో ముంచుకుని ఆఖరు ముక్క దాకా తిన్నది. ఇంత ఆకలి తనకు ఎప్పుడయిందో గుర్తుకు రాలేదు. ఉన్న ఒక్క గదిని కళ్లతో ఒకసారి చుట్టి చూసి, ఎవరికో చెబుతున్నట్టు, "మంచిగుంది బిడ్డ," అని పైకే అంది.

తలుపు పక్కన మేకుకు సుజన హెల్మెట్ వేలాడుతోంది. బయల్దేరిన పొద్దు తలస్నానం చేసి, ఆరని జుట్టుతోనే పెట్టుకుని బండి మీద దుకాణం దాకా పోయొచ్చి తగిలించింది. గడ్డం కింది పట్టీలో పొడవాటి వెంట్రుక ఒకటి చిక్కుకుని, ఫ్యాను గాలికి అటూ ఇటూ కదులుతూ ఉంది.