మూడో చెవికి వారం సెలవు

దిండ్ల కంపెనీ యజమానికి దేవుడిచ్చిన చెవులు రెండే అయినా, ఆఫీసులో అందరి లెక్కా మూడు. ఆ మూడోది ఆయన కారు డ్రైవర్. స్టీరింగ్ తిప్పేది చేతులతోనే గానీ అతని అసలు ఉద్యోగం నోటితో. ఇంటి గేటు దాటింది మొదలు కంపెనీ గేటు వచ్చేదాకా, ఎవరేమన్నారో, ఎవరు ఎవరితో గుసగుసలాడారో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. అయ్యగారికి చేదనిపించేవి వడగట్టేసి, మిగిలినవాటికి కాస్త పంచదార అద్దేవాడు. "నిన్న మీ ప్రసంగానికి అకౌంటెంటుగారు కళ్ళు మూసుకుని తన్మయులైపోయారండీ" అనేవాడు. గురక సంగతి మాత్రం చెప్పేవాడు కాదు.

సాఫీగా సాగుతున్న ఈ కాపురంలో కారుకి ఉన్నట్టుండి ఆయాసం పట్టుకుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఎంత తొక్కినా ముందుకు పోదు. ఓసారి కుదుపు, ఓసారి దగ్గు. వెనక సీట్లో అయ్యగారి తల ముందుకీ వెనక్కీ ఊగిపోయింది.

"ఏమైందయ్యా దీనికి?" అన్నారాయన.

తెలీదనడం డ్రైవర్ ఒంట్లో లేదు. "స్టోర్‌కీపర్ పోయించే పెట్రోలండీ. ఆ బంకులో అంతా కల్తీయేనని ఊరు ఊరంతా కోడై కూస్తోంది. అయినా ఆయన ఆ బంకుకే పంపిస్తారు. ఎందుకో మరి!" అని నిట్టూర్చాడు.

నిజానికి స్టోర్‌కీపర్ మీద అతనికి పాత కడుపుమంట ఉంది. ఓసారి సీటు కవర్లకి కొత్త గుడ్డ అడిగితే, "చిరగనివాటికి కొత్తవెందుకయ్యా?" అని ఆ పెద్దాయన పదిమందిలో అనేశాడు. ఇప్పుడు మధ్యాహ్నానికల్లా ఆయన్ని దూది గోడౌనుకి మార్చేశారు. ఆయన అక్కడ తుమ్ముకుంటూ కూర్చున్నాడు. బంకు మారింది గానీ బండి దగ్గు తగ్గలేదు. "అయితే స్పార్క్ ప్లగ్గులండీ" అన్నాడు డ్రైవర్. ప్లగ్గులూ మార్చారు. బండి వినలేదు.

ఇక ఇలా కాదని అయ్యగారు తానే మెకానిక్ షెడ్డుకి బయల్దేరారు. డ్రైవర్ బండిని తిన్నగా తన భార్య అక్కగారి షెడ్డుకి తోలాడు. మెకానిక్కుల్లో ఆవిడ పేరున్న మనిషి, పైగా అయినవాళ్ళు. అయ్యగారు కారు దిగేలోపే పరుగున వెళ్ళి, "వదినా, పెట్రోలు కల్తీ అని ఓ ముక్క అనెయ్యి. నీకు పుణ్యముంటుంది" అని చెవిలో ఊదాడు.

వదిన ఊ అనలేదు, ఊహూ అనలేదు. స్కానర్ తగిలించి ఇంజను రేజ్ చేయించింది. తెర మీద అంకెలు చూసి పెదవి విరిచింది. ఇంజను ఆపించి, గాలిగొట్టం మీదున్న చిన్న సెన్సర్ వైరు ప్లగ్గు పీకేసింది. తర్వాత ఇద్దర్నీ ఎక్కించుకుని తనే ఫ్లైఓవర్ వైపు తోలింది. మీటర్‌లో ఇంజను లోపం చూపే పసుపు దీపం వెలిగింది గానీ, బండి దగ్గకుండా కుదుపు లేకుండా పైకెక్కింది.

"ఏం మార్చావమ్మా?" అయ్యగారు నోరు తెరిచారు.

"మార్చలేదండీ, ఒకరి నోరు మూయించాను. అది ఎయిర్‌ఫ్లో సెన్సరు. ఇంజన్లోకి ఎంత గాలొస్తోందో కొలిచి కంప్యూటర్‌కి చెప్పడం దాని పని. అది చెప్పినదాన్ని బట్టే పెట్రోలు పడుతుంది. గాలి దండిగా వస్తున్నా కొంచెమేనని చెప్తోంది. పెట్రోలు చాలక బండి ఆయాసపడుతోంది."

"మరి పీకేస్తే ఎలా నడిచింది?"

"దాని కబురు రాకపోతే కంప్యూటర్ తన అంచనాతో నడిపిస్తుందండీ. చెప్పేవాడు లేనప్పుడే బండి బాగా నడిచిందంటే, తప్పు చెప్పేవాడిదే కదా!"

డ్రైవర్‌కి ఎందుకో చెమట పట్టింది. షెడ్డుకి తిరిగొచ్చాక వదిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పింది. అది కడిగి మళ్ళీ వాడుకునే రకం. కడిగాక పల్చగా నూనె రాయాలి. లోపల నూనె ఓడుతోంది.

"దీనికి ఇలా తలంటింది ఎవరు?"

అయ్యగారి బండికి పిసినారితనమేమిటని సీసా మొత్తం కుమ్మరించింది డ్రైవరే. ఆ జిడ్డంతా గాలితో పోయి, సెన్సర్ లోపల గాలిని కొలిచే సన్నటి తీగకి పట్టింది. అతను నేల చూపులు చూశాడు.

"ఏమనుకోకు మరిదీ. నువ్వు మా చెల్లి మొగుడివే గానీ ఇంజనుకి చుట్టానివి కాదుగా" అంటూ వదిన ఫిల్టర్‌లో ఎక్కువైన నూనె తుడిచేసి, తీగ మీద జిడ్డు వదిలించే స్ప్రే కొట్టి, ఆరనిచ్చి, మళ్ళీ తగిలించింది. పసుపు దీపం ఆర్పేసింది. బండి బాగుపడింది.

డ్రైవర్ బండిని కంపెనీ దారి పట్టించాడు. వెనక నుంచి అయ్యగారే అన్నారు. "చెప్పేవాడు లేకపోతే బాగా నడిచిందంటే, తప్పు చెప్పేవాడిదే. అంతేగా?"

"అది బండి విషయంలోనండీ."

"రేపట్నుంచి ఓ వారం సెలవు తీసుకో."

ఆ వారం డ్రైవర్‌కి ముద్ద దిగలేదు. తను లేకుండా కంపెనీ బాగా నడిస్తే తన పని గోవిందా. రోజూ కంపెనీ గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టులో నక్కి చూసేవాడు. అయ్యగారు తానే కారు నడుపుకుంటూ వచ్చి, కంపెనీ అంతా తిరిగి అందర్నీ పలకరిస్తున్నారు. స్టోర్‌కీపర్ మళ్ళీ స్టోర్లోకొచ్చాడు. ఒక్క కుట్టుమిషనైనా ఆగిపోకూడదా, ఇద్దరైనా జుట్టూ జుట్టూ పట్టుకోకూడదా అని డ్రైవర్ దేవుణ్ణి వేడుకున్నాడు. దేవుడు కూడా సెలవులో ఉన్నట్టున్నాడు.

ఓ సాయంత్రం స్టోర్‌కీపర్ టీకని వచ్చి అతని పక్కనే కూర్చున్నాడు. "ఒంట్లో బాగుందా? బండి బాగైందటగా, సంతోషం" అన్నాడు. ఇంకేమీ అనలేదు. రెండు తుమ్ములు తుమ్మి లేచి వెళ్ళాడు. ఆయన నాలుగు తిట్టినా బాగుండేది. డ్రైవర్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

వారం తర్వాత అయ్యగారు పిలిపించారు. ఆయన కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"కంపెనీ బ్రహ్మాండంగా నడిచిందయ్యా" అన్నారు. డ్రైవర్ గుండె జారిపోయింది. "నాకే నిద్ర లేదు. అడిగితే చాలు, అందరూ నిజాలు చెప్తున్నారు! మన దిండ్లు రాళ్ళలా ఉన్నాయట. నేను ప్రసంగం మొదలెడితే కుట్టేవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుంటారట. అదీ మన దూదే! నా వల్ల కాదు బాబూ, రేపట్నుంచి వచ్చెయ్."

డ్రైవర్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ముందు ఆ స్టోర్‌కీపర్ సంగతి చెప్పు. 'విచారించకుండా నన్ను గోడౌన్లో పడేశారు' అని నా మొహం మీదే అన్నాడు. మళ్ళీ అక్కడికే పంపేద్దామనుకుంటున్నా. నా వెనకాల ఇంకేమంటున్నాడు?"

ఏమీ అనలేదన్నదే నిజం. ఆ నిజం ఆయన నమ్మరని డ్రైవర్‌కి తెలుసు. "వెనకాలండీ? తప్పు తెలిశాక దిద్దుకునే దొర మా అయ్యగారొక్కరే, ఆయన చల్లగా ఉండాలి అని దండం పెట్టుకున్నారండీ. నా చెవులతో విన్నాను."

అయ్యగారి మొహం చాటంత అయింది. "అంత మాటన్నాడా! అయితే స్టోర్లోనే ఉండనీ."

డ్రైవర్ బయటికొచ్చాడు. తన లాభం చూసుకోకుండా అబద్ధమాడటం అతనికి అదే మొదటిసారి. మనసు తేలికపడింది. నేరుగా స్టోర్‌కి పోయి, "అయ్యగారు అడిగితే దండం పెట్టానని చెప్పండి బాబ్బాబు" అని బతిమాలాడు.

స్టోర్‌కీపర్ కళ్ళజోడు పైనుంచి చూశాడు. "పెట్టలేదుగా. అడిగితే పెట్టలేదనే చెప్తాను" అన్నాడు.

ఆ రోజు నుంచి అయ్యగారిని స్టోరువైపు అడుగు వెయ్యనివ్వకుండా చూసుకోవడం కూడా డ్రైవర్ ఉద్యోగంలో భాగమైంది.